ముప్పయ్యొకటో నంబరు ముఖచిత్రం

అతను నన్ను మొదటిసారి అంకుల్ అని పిలిచినప్పుడే నాకు ఒళ్ళు మండింది. మద్రాసు సౌకార్‌పేటలో ముప్పయ్యేళ్ళుగా గుండీలూ జిప్పులూ టోకున అమ్ముతున్నవాణ్ణి. నన్ను అన్నా అన్నవాళ్ళున్నారు, సేట్ అన్నవాళ్ళున్నారు, సరుకు ఆలస్యమైతే నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళూ ఉన్నారు. అంకుల్ అన్నవాడు ఇతనొక్కడే. అదీ జుట్టుకు రంగు వేసుకున్న మర్నాడు.

గుంటూరు వైపు నుంచి వచ్చి, ఊరి చివర ఓఎమ్మార్‌లో ఏదో కంప్యూటర్ కంపెనీలో పనిచేస్తున్న కుర్రాడు. కుర్రాడంటే నలభై దగ్గర పడ్డవాడే. నేను పోగుచేసేవే తనూ పోగుచేస్తానని ఫోన్ చేసి, ఆదివారం పొద్దున్నే పురసవాక్కంలో మా ఇంటికి వచ్చాడు. చీరల షాపుల జనంలో ఆటో దిగి, చెమటలు కక్కుతూ, చేతిలో అరటిపళ్ళ కవరుతో. మా ఆవిడకు వెంటనే నచ్చాడు. అదొక తలనొప్పి.

నేను పోగుచేసేవి పుస్తకాలు కావు, ముఖచిత్రాలు. మా చిన్నతనంలో ఈ ఊళ్ళోనే ఒక సందులో అచ్చయి, తెలుగు చదివేవాళ్ళున్న ప్రతి ఊరికీ పోయిన గూఢచారి నవలల సిరీస్ ఒకటుండేది. నెలకొకటి చొప్పున మొత్తం అరవై. చేతిలో ఇమిడే సైజు, ముక్కు మూసుకుని చదవాల్సిన కాగితం. కథ సంగతి అడక్కండి. ఏ నంబరు తీసినా తొంభయ్యో పేజీలో గూఢచారిని కుర్చీకి కట్టేస్తారు, నూటపదో పేజీలో కట్లు తెంచుకుంటాడు. ఇప్పుడు చదవమంటే నా వల్ల కాదు. కానీ అట్ట మీది బొమ్మలున్నాయే, వాటి కోసం నేను ఎండనకా వాననకా తిరిగాను. ఎర్రరంగు గీత దాటి పక్కకు జరిగి, ఆడమనిషి పెదవి ఒకచోట, ఎరుపు ఒకచోట పడేది. గూఢచారి ముఖం ఏ బొమ్మలోనూ కనపడదు, టోపీ, ఓవర్‌కోటు, అంతే. మద్రాసు ఎండలో ఓవర్‌కోటు వేసుకు తిరిగిన మనిషి ఆయనొక్కడే అయుంటాడు. వేసిన చిత్రకారుడు ఎవరో ఇప్పటికీ తెలియదు, ఒక్క అట్ట మీదా సంతకం లేదు.

ఈ బొమ్మలు పోగుచెయ్యడంలో ఒక చిక్కుంది. అది అర్థం కాకపోతే నేను చేసిన పని అర్థం కాదు. ఆ పుస్తకాలు కొన్నవాళ్ళు తక్కువ, అద్దెకు తెచ్చుకుని చదివినవాళ్ళే ఎక్కువ. అద్దె పుస్తకాల షాపువాళ్ళు కొత్త పుస్తకం రాగానే పలచటి అట్ట ఊడదీసేవాళ్ళు. బొమ్మ మట్టుకు కత్తిరించి, పేరూ నంబరూ ఉన్న పైభాగం పారేసి, ఆ బొమ్మను దళసరి అట్ట మీద మైదాపిండి జిగురుతో అంటించి, వీపుకు గుడ్డ వేసి కుట్టేవాళ్ళు. అలా కుట్టినవే యాభై అరవయ్యేళ్ళు నిలిచాయి, కుట్టనివి చెదలపాలయ్యాయి. అంటే నేడు దొరికే బొమ్మల్లో చాలావాటి మీద పేరు లేదు, నంబరు లేదు. ఏ బొమ్మ ఏ నంబరుదో తెలియాలంటే అది ఏ పుస్తకానికి అంటించి ఉందో చూడాలి. నా ఆల్బమ్ అంతా ఆ ఒక్క నమ్మకం మీద నిలబడింది.

ఆల్బమ్ అంటే తమాషా కాదు. అరవై ప్లాస్టిక్ తొడుగులు, ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ, బొమ్మ వెనక ఒక చీటీ. చీటీ మీద మూడు గీతలు: ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఏ స్థితిలో ఉంది. కింద రాసినవాళ్ళ సంతకం. చీటీ లేని బొమ్మ రోడ్డు మీద దొరికిన కాగితంతో సమానమని నేను అందరికీ చెప్పేవాణ్ణి. అతనికీ చెప్పాను. పాత అట్ట మీంచి బొమ్మను ఇడ్లీ గిన్నె ఆవిరికి పట్టి, సన్నటి బ్లేడుతో ఎలా లేపాలో నేర్పింది నేనే. అసలు అచ్చుకూ నకలు అచ్చుకూ తేడా లెన్సులో ఎలా కనపడుతుందో చూపించిందీ నేనే. పాత అచ్చులో రంగులు చిన్న చిన్న చుక్కలుగా వరసలు తీరి ఉంటాయి. ఇంట్లో కంప్యూటర్ మీద తీసిన కాగితంలో ఆ వరసలుండవు, పిచికారీ కొట్టినట్టుంటుంది. జిప్పుల పళ్ళు పరీక్షించడానికి నా జేబులో ఎప్పుడూ ఒక లెన్సు ఉంటుంది. మొదటిసారి దాన్లోంచి చూసినప్పుడు అతను, "అబ్బ, ముగ్గు పెట్టినట్టుందండి" అన్నాడు.

రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం వచ్చాడు. పదకొండింటికి వచ్చేవాడు, మా ఆవిడ పెట్టిన పొంగల్ తినేవాడు, ఒంటిగంటకు పోయేవాడు. వచ్చినప్పుడల్లా విసుక్కున్నాను. పదకొండుంబావు అయినా రాకపోతే బాల్కనీలోకి పోయి వీధిలోకి చూసేవాణ్ణి. నాకున్న స్నేహితుడు అతనొక్కడే. ఆ మాట అప్పుడే ఒప్పుకుని ఉంటే ఇది రాయాల్సిన పని పడేది కాదు.

మరి అతను నాకెందుకు గిట్టలేదంటే, చురుకైనవాడు గనక గిట్టలేదు. నేను ఇరవై ఏళ్ళలో పోగుచేసిన వాటిలో ముప్పాతిక వంతు అతను రెండేళ్ళలో పోగుచేశాడు. నేను పాతకాగితాల గోడౌన్లలో దుమ్ము మింగి తెచ్చినవి అతను ఫోన్‌లో వేలితో నొక్కి తెప్పించుకున్నాడు. అయినా నాకంటూ ఒకటి మిగిలింది. అరవైకి అరవై ఉన్నది నా ఒక్కడి దగ్గరే. వాట్సాప్‌లో మా పిచ్చివాళ్ళకో గ్రూపుంది, దాంట్లో ఏ బొమ్మ గురించి తగవొచ్చినా చివరికి నా ఆల్బమ్ అడిగేవాళ్ళు. విజయవాడ షాపుల్లో కుట్టిన కాపీలు కొన్నిసార్లు నా వాటితో కలిసేవి కావు. వాళ్ళే తప్పుగా అంటించారని నేనంటే అందరూ సరేననేవాళ్ళు. అరవై బొమ్మలూ వరసగా పెట్టి, నంబర్లు వేసి, ఇంటర్నెట్‌లో పెట్టాలని గ్రూపు తీర్మానించింది. దానికి ఆధారం నా ఆల్బమ్, రాతపని అతనిది. నేను మెడ నిటారుగా పెట్టుకుని తిరిగిన రోజులవి.

ఒక ఆదివారం గ్రూపులోని మరో ఇద్దరు కూడా మా ఇంటికి వచ్చారు. అందరూ కూర్చున్నాక అతను సంచిలోంచి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తీశాడు. ముఖం వెలిగిపోతోంది.

"అంకుల్, మీకో సర్‌ప్రైజ్ అండి" అన్నాడు.

ఫోల్డరులో ఒక ముఖచిత్రం. కత్తిరించనిది, మడత లేనిది, అటూ ఇటూ రెండు వైపులా పూర్తిగా ఉన్నది. పైన సిరీస్ పేరు, ముప్పయ్యొకటి అని నంబరు. బొమ్మలో ఎర్రచారల లైట్‌హౌస్, దాని మెట్ల మీద టోపీ, ఓవర్‌కోటు. రంగులు నిన్న అచ్చేసినట్టున్నాయి.

నా ఆల్బమ్‌లో ముప్పయ్యొకటి మోటారు పడవ మీద తుపాకీ పట్టుకున్న ఆడమనిషి. పురసవాక్కంలోనే ఒకప్పుడు పెద్ద పేరున్న అద్దె పుస్తకాల షాపు కాపీ అది. ఆ షాపు గుండ్రటి రబ్బరు ముద్ర బొమ్మ అంచు మీద పడి ఉంది. ఆ షాపు కాపీలు నా దగ్గర మొత్తం ఇరవైరెండు. వాటిని ఆవిరికి పట్టి లేపితే ముద్ర చెడుతుందని అట్టతో సహా కోసి తొడుగులో పెట్టాను. మిగతా షాపుల అట్టలకంటే దళసరిగా ఉన్నాయని మెచ్చుకున్నాను కూడా.

"ఇదెక్కడిదయ్యా?" అన్నాను.

"తెనాల్లో మా పెద్దమ్మగారి పక్కింట్లోదండి. దేవుడి పటం అద్దం పగిలితే ఫ్రేము విప్పారు. పటానికి వెనక దన్నుగా దీన్ని పెట్టున్నారండి. పుస్తకానికి వెయ్యకుండా మిగిలిపోయిన కవర్లు ప్రెస్సువాళ్ళు తూకానికి అమ్మేస్తే, పటాలు కట్టేవాళ్ళు కొనేవాళ్ళంట. వెలుతురు తగల్లేదు కదండి, అందుకే రంగు పోలేదు."

ఆ ఇద్దరూ లేచొచ్చి వంగి చూస్తున్నారు. ఒకాయన నా వైపు తిరిగి, "అయితే మీ దగ్గరున్న పడవ బొమ్మ ఏ నంబరుదంటారు?" అని అడిగాడు. అడిగిన తీరులో తప్పేం లేదు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. నా ఇంట్లో, నా సోఫాలో, నేను ఆవిరి పట్టడం నేర్పినవాడు నా ఆల్బమ్ తప్పని నిరూపించడానికి వచ్చాడు. సర్‌ప్రైజంట!

"దేవుడి పటం వెనక దొరికిందా?" అన్నాను. "బాగా చెప్పినావు. ఆఫీసులో ప్రింటర్ వెనక దొరికిందని చెప్పి వుంటే ఇంకా బాగుండేది."

అతనికి మొదట అర్థం కాలేదు. నవ్వబోయాడు. "అదేంటంకుల్?"

"ఇది నువ్వు కంప్యూటర్‌లో చేసింది. నాకు అరవై వుండాయని నీకు కడుపుమంట. అంతేగా?"

"ఒకసారి లెన్స్‌తో చూడండి అంకుల్. మీరే నేర్పారు కదా. చుక్కలు కనపడతాయి, చూడండి."

లెన్సు నా చొక్కా జేబులోనే ఉంది. గుండె మీద దాని బరువు తెలుస్తూనే ఉంది. నేను చూడలేదు. చూస్తే ఏం కనపడుతుందోనని భయపడ్డానా అంటే, ఆ క్షణాన అలా అనుకోలేదు. అతను చూడమన్నాడు గనక చూడను, అంతే. ఫోల్డరులోంచి కాగితం లాగి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపాను. పాత కాగితం చిరిగే చప్పుడు వేరుగా ఉంటుంది. పొడిగా, పెళుసుగా. ఆ చప్పుడు నా చెవిన పడింది. అయినా ఆగలేదు.

"ప్రింటు తీసేదానికి ఎంతవుతాది? ఇంకోటి తీసుకో పో" అని ముక్కలు కింద పడేశాను.

వంటింటి గుమ్మంలో మా ఆవిడ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు ముక్కలూ ఏరుకున్నాడు. ఒకటి సోఫా కిందికి పోతే చెయ్యి పెట్టి వెతికి తీశాడు. అన్నీ ఫోల్డరులో పెట్టి, మా ఆవిడతో "వస్తానండి ఆంటీ" అని చెప్పి వెళ్ళిపోయాడు. నాతో ఏమీ అనలేదు. ఎదురు తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

ఆ సాయంత్రం గ్రూపులో రాశాను. దొంగ కవర్లు తయారుచేసేవాళ్ళతో జాగ్రత్తగా ఉండమని, ముప్పయ్యొకటి విషయంలో తేలిపోయిందని. అతని పేరు పెట్టే రాశాను. అతను జవాబివ్వలేదు. రెండురోజుల తర్వాత గ్రూపులోంచి బయటికి పోయాడు. కొందరు నన్ను మెచ్చుకున్నారు. అప్పటిదాకా అతని దగ్గర బొమ్మలు మార్చుకున్నవాళ్ళు వాటిని అనుమానంగా చూడసాగారు. ఒకాయనయితే పోస్టులో తిప్పి పంపేశాడట. అది విని నేను సంతోషించాను. అబద్ధమెందుకు, బాగా సంతోషించాను.

మా ఆవిడ మాత్రం వారంపాటు పొంగల్ వండలేదు. అడిగితే, "తినే మనిషి రాడు గదా" అంది.

అక్కడితో ఆగి ఉంటే ఆగిపోయేది. కానీ ఆరోజు మా ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒకాయన కొన్ని నెలల తర్వాత గ్రూపులో ఒక ప్రశ్న వేశాడు: అది దొంగదని మీకెలా తెలిసింది, లెన్సు పెట్టి చూశారా? మర్యాదగానే అడిగాడు. నాకు తిక్క రేగింది. వీళ్ళందరి నోళ్ళూ ఒక్కసారిగా మూయించాలనుకున్నాను. పురసవాక్కం షాపు మూతపడి చాలా ఏళ్ళయింది, యజమాని పోయాడు, ఆయన భార్య మాత్రం ఎన్నూరులో కూతురి దగ్గర ఉందని విన్నాను. ఆమె నోటితోనే ముప్పయ్యొకటి పడవ బొమ్మేనని చెప్పించి, ఫోన్‌లో వీడియో తీసి, గ్రూపులో పెట్టాలని బయల్దేరాను.

ఎన్నూరు దారిలో లారీల వెనక గంటన్నర. నోటి నిండా దుమ్ము. కూతురి భర్త పవర్ స్టేషన్‌లో పని చేస్తాడు, ఇల్లు దాని పొగగొట్టాలకు దగ్గర్లోనే. ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిద. పెద్దామెకు ఎనభై దాటి ఉంటాయి. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ముప్పయ్యొకటో కాపీ ఆమె చేతిలో పెట్టాను. కోసిన అట్టతో సహా.

"అబ్బ, మా షాపుదే!" అని ముద్ర మీద వేలు పెట్టి నవ్వింది. "ఇంకా వుండాదా ఇది?"

"వుండాది అమ్మా. ఈ పుస్తకానికి బొమ్మ ఇదేనని మీ నోటితో ఒక మాట చెప్తే చాలు" అని ఫోన్ పైకెత్తి వీడియో మొదలుపెట్టాను.

"ఏ పుస్తకానికి ఏ బొమ్మో ఎవురికి తెలుసు నాయనా?" అంది. "మేం మారుస్తా వుంటిమి గదా."

"మార్చేదేంది?"

"ఆమా, బొమ్మలు మార్చేది. నేనే అంటించేది. మైదా కాచి, పొద్దున ఇంటి పని అయినాక కూచ్చోని అంటిస్తా వుంటిని. షాపుకి వచ్చేది ఆ వీధోళ్ళే, రోజూ వచ్చేవాళ్ళే. చదివిన పుస్తకం మళ్ళా తీసుకుంటారా? తీసుకోరు. వాళ్ళు పేరు యాడ చూస్తారు, బొమ్మ చూసి తీసుకుంటారు. అందుకని ప్రెస్సులో మిగిలిపోయిన కవర్లు తూకానికి తెచ్చి, ఏడాదికొక తూరి దీనికి దాని బొమ్మ, దానికి దీని బొమ్మ అంటిస్తా వుంటిమి. కొత్తది వచ్చిందే అనుకోని తీసుకోని పొయ్యేవాళ్ళు. పది పేజీలు చదివినాక తెలిసేది." ఆమె పళ్ళు లేని నోటితో హాయిగా నవ్వింది. "ఒకాయన మూడుసార్లు తీసుకున్నాడు ఒకే పుస్తకం. మూడుసార్లూ బాగుందనే చెప్పినాడు."

ఫోన్ నా చేతిలో ఇంకా నడుస్తూనే ఉంది.

"మరి ఈ సీలు?" అన్నాను.

"అంటించినప్పుడల్లా వేస్తిమి. సీలు లేకుంటే పుస్తకం తిరిగి రాదే!" అట్టను గోటితో తట్టి చూసింది. "చూడు, ఎంత దళసరి. పాతది పీకి పారేసే ఓపిక ఎవురికి వుండె? దాని మీదనే అంటిస్తా వుంటిమి. కొత్త పుస్తకంగా వచ్చినప్పుడు దానిదే అయిన బొమ్మ అడుగున వుంటాది. సుమ్మా, ఊరికే చెప్తా వుండా అనుకుంటే నువ్వే చూసుకో."

నేను వీడియో ఆపేశాను. ఆమె కాఫీ తాగి పొమ్మంది. తాగానో లేదో గుర్తులేదు.

మర్నాడు షాపుకు పోలేదు. ఇడ్లీ గిన్నె పొయ్యి మీద పెడుతుంటే మా ఆవిడ, "దాంట్లో మళ్ళా ఆ కాగితాలు పెట్టేది లేదు, ముందే చెప్తా వుండా" అంది. నా ముఖం చూసి తానే మంట తగ్గించింది.

పడవ మీది ఆడమనిషి పది నిమిషాల్లో లేచి వచ్చింది. ఆమె కింద ఒక కారు, మంటలు. అదీ లేచింది. దాని కింద రంగు వెలిసి, పురుగు తిని, మైదా మరకలతో ఎర్రటి చారలు కనపడ్డాయి. ఇంకాస్త ఆవిరి పట్టాను. మెట్లు. టోపీ. సగం ఓవర్‌కోటు. బ్లేడు పెట్టబోతే కాగితం అరిటాకు ముక్కలాగా జారి అట్ట మీదే నలిగింది, అరచెయ్యంత మిగిలింది. జేబులోంచి లెన్సు తీసి చూశాను. చుక్కలు వరసలు తీరి ఉన్నాయి.

"ఆ పిల్లోడు తెచ్చింది ఇదే గదా?" అంది మా ఆవిడ, నా భుజం మీంచి చూస్తూ.

"ఊఁ" అన్నాను.

"చింపేసినారు గదా మీరు."

ఆరోజంతా మిగతా ఇరవయ్యొకటీ ఒక్కొక్కటే పట్టుకుని, అంచులు గోటితో లేపి చూశాను. రెండు పొరలు, మూడు పొరలు. ఒకదానికి నాలుగు. విజయవాడ షాపులవాళ్ళు తప్పుగా అంటించారని ఇన్నేళ్ళుగా ఎంతమందితో వాదించానో, ఎంతమందిని వెక్కిరించానో ఒక్కటొక్కటే గుర్తొచ్చాయి. కానీ నన్ను కోసింది అది కాదు. తప్పు నంబర్లు రేపు దిద్దుకోవచ్చు. పేరూ నంబరుతో సహా పూర్తిగా మిగిలిన ముప్పయ్యొకటి, మాకు తెలిసినంతవరకు, లోకంలో ఒక్కటే ఉండింది. దాన్ని పటం వెనక ఎవరో తెలియక కాపాడారు. నేను తెలిసి చింపాను.

వారం రోజులు ఫోన్ తీసి పెట్టి తీసి పెట్టి, చివరికి చెయ్యకుండానే ఓఎమ్మార్‌కు బయల్దేరాను. ఫోన్ చేస్తే రావద్దంటాడని తెలుసు. అతని అపార్ట్‌మెంట్‌కు నేనంతకు ముందు ఒక్కసారీ పోలేదు. ఎన్నిసార్లు పిలిచినా, అంత దూరం నా వల్ల కాదని వంక పెట్టాను. తలుపు తీసి నన్ను చూసి అతను పక్కకు జరిగాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు. మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

సంచిలోంచి అట్ట తీసి ఇచ్చాను. పెద్దామె చెప్పిందంతా చెప్పాను. నా నోటితో చెప్తుంటే ఆమె చెప్పినప్పటికంటే అధ్వాన్నంగా వినపడింది. అతను లోపలికి పోయి తన లెన్సు తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు. అట్టను వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూశాడు.

"అవునండి, ఇదే" అన్నాడు. గొంతులో ఏమీ లేదు.

"తప్పు నాదయ్యా" అన్నాను. "గ్రూపులో రాస్తాను. అందరికీ తెలిసేట్టు రాస్తాను. ఆ ముక్కలు నీ దగ్గరుంటే ఇయ్యి, ఈ పనిలో చెయ్యి తిరిగిన మనిషి పారీస్ కార్నర్ దగ్గర ఉండాడు, అతికిస్తే గీత కూడా కనపడకుండా చేస్తాడు. ఖర్చు నాది."

అతను లేచి ఆల్బమ్ తెచ్చాడు. నా ఆల్బమ్‌లాంటిదే, అవే తొడుగులు. ముప్పయ్యొకటి తెరిచి బల్ల మీద నా ముందు పెట్టాడు. నాలుగు ముక్కలూ వాటి వాటి చోట్ల పెట్టి ఉన్నాయి, వాటి మధ్య వేలెడు సందు వదిలి. నేను చెయ్యి చాపాను. అతను తొడుగు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"అతికించనంకుల్" అన్నాడు. "అతికిస్తే మీరు చింపిన సంగతి కనపడదు."

తొడుగు వెనక నుంచి చీటీ తీశాడు. అదే చీటీ, అవే మూడు గీతలు. ఎక్కడ దొరికింది అన్నచోట తెనాలి అని, ఎవరిచ్చారు అన్నచోట పక్కింటామె అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. స్థితి అన్న గీత ఖాళీగా ఉంది. సంతకం చోటూ ఖాళీగా ఉంది. దాని పక్కన పెన్ను పెట్టాడు.

"చీటీ లేని బొమ్మ రోడ్డు మీద దొరికిన కాగితమేనని మీరే అనేవాళ్ళు కదండి. ఇది మీరే పూర్తిచెయ్యండి. గ్రూపులో రాసింది కిందకెళ్ళిపోద్ది, ఎవరూ చూడరు. ఇది బొమ్మతోపాటు ఉంటుంది."

నాకు కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడా వచ్చింది. నా వయసేమిటి, నేను ఇంత దూరం వచ్చి తప్పొప్పుకుంటే పరీక్ష రాయిస్తున్నట్టు పెన్నిస్తాడా అని చెవులు వేడెక్కాయి. లేచి పోదామనే అనుకున్నాను. అతను తొందరపెట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి, ఆదివారాలు మా ఇంట్లో నేను చీటీ రాయడం పూర్తయ్యేదాకా కూర్చున్నట్టే కూర్చున్నాడు.

పెన్ను తీసుకున్నాను. స్థితి అన్నచోట రాశాను: నాలుగు ముక్కలు. అసలు అచ్చు. చూడకుండా నేనే చింపాను, లెన్సు జేబులో ఉండగానే.

కింద సంతకం పెట్టాను. అతను చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. రెండోసారి చివరి మాటల దగ్గర కాసేపు ఆగాడు. ముక్కల వెనక పెట్టి ఆల్బమ్ మూశాడు.

"ఆంటీ బాగున్నారా?" అన్నాడు.

"బాగుంది. నిన్ను అడుగుతా ఉంటాది."

"అడిగానని చెప్పండి" అన్నాడు. లేచి వెళ్ళి తలుపు తీసి పట్టుకున్నాడు.

నేను చెప్పులు వేసుకుంటున్నంతసేపూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. వచ్చే ఆదివారం పదకొండింటికి మా ఆవిడ పొంగల్ చేస్తుందని అందామనుకున్నాను. లిఫ్టు వచ్చేదాకా ఆ మాట నోట్లోనే ఉంది. వెనక్కి తిరిగి చూసేసరికి తలుపు మూసి ఉంది.